పీడనం కంటికి కనిపించదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల క్రితం సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు అమెరికాలో ఏం పని చేస్తావో పిల్లలకు అర్థమయ్యేలా ఓ ఇరవై నిమిషాలు చెప్పవయ్యా" అన్నారు. నా పనిని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. టెక్సాస్ రాష్ట్రంలో హ్యూస్టన్ నగరం దగ్గర, చమురు శుద్ధి కర్మాగారాలకు కావలసిన పీడన పాత్రలు తయారుచేసే చోట ఇంజనీరుని. ఇంట్లో అమ్మ వాడే ప్రెషర్ కుక్కర్‌కి పెద్దన్నయ్యలు అనుకోండి. అంతే. ఇరవై నిమిషాలు చెప్పడానికి అందులో ఏమీ లేదు.

అందుకని ఈరోజు నా ఉద్యోగం గురించి తక్కువ, సెలవు రోజుల్లో నేను చేసే ఒక పని గురించి ఎక్కువ చెబుతాను. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. ఆ తప్పు వేరు ఎక్కడుందా అని వెనక్కి తవ్వుకుంటూ వస్తే, ఇదిగో, ఈ హాలు పక్కన ఉన్న సైన్సు ల్యాబులో తేలింది.

1984-85లో నేను పదో తరగతి. సరళ లోలకం ప్రయోగం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. దారానికి ఇనప గుండు కట్టి ఊపాలి, ఇరవై డోలనాలకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. దారం పొడవుని ఆవర్తన కాలం వర్గంతో భాగిస్తే ప్రతిసారీ దాదాపు ఒకే సంఖ్య రావాలి. పుస్తకం లెక్క ప్రకారం సెంటీమీటర్లలో అయితే 24.8. ల్యాబులో ఉన్న స్టాప్ వాచీ ఒక్కటి. పిల్లలం నలభై మందిమి. నా వంతు వచ్చేసరికి బెల్లు కొట్టారు. నేను ఇంటికెళ్లి, జవాబు ఎలాగూ తెలుసు కదా అని వెనక నుంచి లెక్క కట్టి, అయిదు వరుసలూ నింపేశాను. అయిదింటిలోనూ 24.8. గ్రాఫు గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. నిజంగా స్కేలు పెట్టే గీశాను.

మా సైన్సు మాస్టారు రికార్డు చూసి సంతకం పెట్టలేదు. కొట్టనూ లేదు. "నీ లెక్కలు మరీ చక్కగా ఉన్నాయిరా. నిజం ఇంత చక్కగా ఉండదు. మళ్లీ చేసి పట్రా" అన్నారు. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి, మళ్లీ చేయలేదు. చివరికి ఆయన సంతకం పెట్టారనుకోండి. కానీ ఆ మాట మాత్రం బాకీలాగా నాతోనే ఉండిపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో రైఫిల్ షూటింగ్ ఒక వ్యాపకం. మన దగ్గర ఆదివారం క్రికెట్ లాంటిది. ఆ వ్యాపకం ఉన్నవాళ్లలో కొందరు తూటాలు కొనుక్కోరు, ఇంట్లో తామే నింపుకుంటారు. దాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. అక్కడ అది చట్టబద్ధం. పిల్లలూ, మీరొకటి గుర్తుపెట్టుకోవాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. కాబట్టి ఇది ఇంటికెళ్లి చేయమని చెబుతున్నది కాదు. ఇందులో ఉన్న ఫిజిక్సు కోసం చెబుతున్నాను.

నన్ను ఇందులోకి దించింది మా ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. భార్య పోయింది, పిల్లలు దూరం. నేనూ అప్పట్లో ఆ ఊరికి కొత్త. శనివారాలు ఆయన గ్యారేజీలో గడిచేవి. ఆయన పేరు చెప్పను. బతికి ఉంటే, పేరు చెబితే ఒప్పుకునే రకం కాదు.

తూటాలో నాలుగే భాగాలు. ఒక ఇత్తడి డొల్ల. దాని అడుగున చిన్న గిన్నెలాంటి ప్రైమర్, అంటే దెబ్బ తగిలితే నిప్పు పుట్టించేది. డొల్లలో మందు. మూతిలో బుల్లెట్. కాల్చిన తర్వాత డొల్ల మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, మళ్లీ సైజుకి తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, కొత్త బుల్లెట్ బిగిస్తే మరో తూటా.

మందుని గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే ధాన్యపు గింజే. మన కంసాలులు గురివింద గింజతో బంగారం తూచినట్టు, వాళ్ల పూర్వీకులు బార్లీ గింజతో తూచారు. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు. మన గురివింద ఎత్తులో దాదాపు సగం. ఆ గ్రెయిన్‌లో పదో వంతు వరకు చూపించే త్రాసు మీద పని. ఎందుకంత పట్టింపు?

ఎందుకంటే ఈ మందు కాలే తీరు వేరు. పొయ్యిలో కట్టె ఎంత కాలినా పొయ్యి పీడనం మారదు. పొగలేని మందు అలా కాదు. 1884లో పాల్ వియెల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త నైట్రో సెల్యులోజ్‌తో ఈ రకం మందు తయారుచేశాడు. చుట్టూ పీడనం పెరిగేకొద్దీ ఇది మరింత వేగంగా కాలుతుంది. వేగంగా కాలితే వాయువు ఎక్కువ పుడుతుంది. దాంతో పీడనం ఇంకా పెరుగుతుంది. అప్పు మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ లాగా. అందువల్ల మందు ఒక పాలు పెంచితే బుల్లెట్ వేగం దాదాపు ఒక పాలే పెరుగుతుంది కాని, పీడనం అంతకు రెట్టింపు పాళ్లలో పెరుగుతుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు కాలంలో అయిపోతుంది.

ఎంత పీడనం? ఇంట్లో కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లు. కారు టైరులో 32. నేను వాడే .308 వించెస్టర్ అనే తూటాకి అనుమతించిన గరిష్ఠ సగటు పీడనం 62,000 పౌండ్లు. కుక్కర్‌కి నాలుగు వేల రెట్ల పైమాటే. నిండా లోడెత్తిన పది టైర్ల లారీ మొత్తాన్ని ఒక్క చదరపు అంగుళం మీద నిలబెట్టినట్టు. అది జరిగేది కాల్చేవాడి కంటికి జానెడు దూరంలో. కుక్కర్‌కి వెయిటు ఉంది, అది పనిచేయకపోతే సేఫ్టీ వాల్వు ఉంది. తుపాకీకి సేఫ్టీ వాల్వు లేదు.

మరి లోపల ఎంత పీడనం ఉందో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు ఇంజనీర్లు నూట యాభై ఏళ్లకు పైగా జవాబు వెతికారు. 19వ శతాబ్దం మధ్యలో అమెరికా సైన్యంలో రాడ్‌మన్ అనే అధికారి ఫిరంగి గొట్టానికి రంధ్రం చేసి, ఒక పిస్టన్ పెట్టి, దాని మొనతో రాగి ముక్క మీద గాటు పడేలా చేశాడు. గాటు ఎంత లోతుంటే పీడనం అంత. తర్వాత ఇంగ్లండులో ఆండ్రూ నోబుల్ గాటుకి బదులు చిన్న రాగి స్తంభం నలిగేలా చేసి, ఎంత పొట్టిదైందో కొలిచాడు. దాదాపు వంద సంవత్సరాలు ప్రపంచం ఆ రాగి ముక్కనే నమ్మింది.

రాగి ముక్కతో చిక్కేమిటంటే, అది నలగడానికి కొంత వ్యవధి కావాలి. పీడనం శిఖరానికి వెళ్లి దిగిపోయేది రెప్పపాటు కంటే ఎన్నో రెట్లు తక్కువ కాలంలో. ఆ శిఖరాన్ని రాగి పూర్తిగా అందుకోలేదు. 1880లో క్యూరీ సోదరులు స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుక్కున్నారు. మీ చేతి గడియారంలో ఉన్న క్వార్ట్జ్ అదే. ఆ స్ఫటికంతో చేసిన సెన్సరు వచ్చాక అసలు శిఖరం కనబడింది. థర్టీ నాట్ సిక్స్ అనే తూటాకి పాత రాగి కొలతలో హద్దు 50,000. స్ఫటికం కొలతలో అదే తూటా హద్దు 60,000. తూటా మారలేదు, కొలిచే పద్ధతి మారింది. పోనీ అన్నింటికీ ఒకే లెక్కన ఇరవై శాతం కలుపుకుందామా అంటే కుదరదు. ఒక్కో తూటాకి తేడా ఒక్కోలా ఉంటుంది. అక్కడ ఈ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ 1926లో పుట్టింది. దాని పొడి పేరు సామీ. పేరు విని దణ్ణం పెట్టుకోవలసిన పని లేదుగాని, దాని అంకెలకి మాత్రం దణ్ణం పెట్టాల్సిందే.

ఇలాంటి సెన్సర్లు మందు కంపెనీల ప్రయోగశాలల్లో ఉంటాయి. గ్యారేజీలో కూర్చున్నవాడి దగ్గర ఉండవు. ప్రయోగశాలలో కొలిచి, ఫలానా డొల్ల, ఫలానా ప్రైమర్, ఫలానా బుల్లెట్, ఫలానా మందు అయితే ఇంత నుంచి మొదలుపెట్టండి, ఇంత దాటకండి అని పుస్తకాలు వేస్తారు. గరిష్ఠానికి సుమారు పది శాతం తక్కువ నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఆగి చూసుకుంటూ వెళ్లాలి. ఇది పద్ధతి.

ఆ "చూసుకుంటూ" అన్నచోటే ఉంది తిరకాసు. ఏం చూడాలి? పాతకాలం నుంచీ చెప్పుకునే గుర్తులు కొన్ని ఉన్నాయి. కాల్చిన డొల్ల అడుగున ప్రైమర్ అంచులు గుండ్రంగా ఉండాలి, అవి అప్పడంలా చదునైతే పీడనం ఎక్కువ. సూది తగిలినచోట చుట్టూ గట్టు లేస్తే ఎక్కువ. ఇత్తడి అడుగున మెరిసే గుండ్రటి ముద్ర పడితే ఎక్కువ. బోల్టు పైకి లేవడానికి మొరాయిస్తే చాలా ఎక్కువ.

ఇవి అబద్ధాలు కావు. కానీ ఆలస్యంగా వచ్చే నిజాలు. బోల్టు ఎందుకు బిగుస్తుందో చెబుతాను. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి ఉక్కు గోడకు ఆనుకుంటుంది. ఉక్కు కూడా వెంట్రుకవాసి సాగుతుంది. పీడనం దిగగానే రెండూ వెనక్కి వస్తాయి. ఇత్తడి ఓ పిసరు ఎక్కువ వెనక్కి వస్తే డొల్ల వదులై తేలిగ్గా బయటికొస్తుంది. పీడనం మితిమీరితే ఇత్తడి సాగాల్సినదానికన్నా ఎక్కువ సాగి, వెనక్కి వస్తున్న ఉక్కు దాన్ని పట్టేస్తుంది. అంటే బోల్టు బిగిసిందంటే ఇత్తడి అప్పటికే ఓడిపోయిందని అర్థం. హద్దు దగ్గరపడుతోందని కాదు, హద్దు దాటి వచ్చామని.

ప్రైమర్ సంగతి ఇంకా అన్యాయం. ఒక కంపెనీ గిన్నె రేకు మెత్తన, ఇంకో కంపెనీది గట్టిది. మెత్తనిది మామూలు పీడనానికే చదునవుతుంది. గట్టిది హద్దు దాటినా గుండ్రంగా నవ్వుతూ ఉంటుంది. చాంబర్‌లో డొల్ల వెనక ఖాళీ ఎక్కువుంటే, తక్కువ పీడనంలో కూడా ప్రైమర్ చదునైపోతుంది. పాతకాలం తుపాకులు కొన్ని ఉన్నాయి, వాటి బలం ఆధునిక రైఫిల్‌లో సగం కూడా ఉండదు. అలాంటి దాంట్లో ఇత్తడి మీద గుర్తు కనబడేవరకు ఆగితే, గుర్తు కంటే ముందు తుపాకీయే పగులుతుంది. గుర్తు ఉంటే ఆగాలి, నిజమే. గుర్తు లేకపోతే క్షేమం అనడానికి మాత్రం వీల్లేదు.

ఇవన్నీ పెద్దాయన మొదటి నెలలోనే చెప్పారు. నేను విన్నాను. డిగ్రీలున్నవాణ్ని కదా, అర్థమైంది కూడా. విన్నది, అర్థమైంది, చేసేటప్పుడు గుర్తుండాలని ఏముంది?

2011 ఆగస్టు. ఆ ఏడు టెక్సాస్ ఎండలు రికార్డులు బద్దలు కొట్టాయి. జనవరి చలిలో పద్ధతి ప్రకారం మెట్టు మెట్టుగా చూసుకుని, పుస్తకం చెప్పిన గరిష్ఠానికి కాస్త కింద నాకు నచ్చిన పాళ్లు ఒకటి కుదుర్చుకున్నాను. బాగా గురి కుదిరింది. ఆగస్టుకి ఆ డొల్లలు అయిపోయాయి. ఎవరో సైనిక తూటాల ఖాళీ డొల్లలు సంచీడు ఉచితంగా ఇచ్చారు. చూడ్డానికి అవే. కొలతకీ అవే. అదే మందు, అదే పాళ్లు పోసి యాభై నింపాను. కొత్త డొల్ల వాడితే మళ్లీ కింద నుంచి మొదలుపెట్టాలని పుస్తకం మొదటి పేజీల్లోనే ఉంటుంది. ఆ పేజీ నాకు తెలుసు. శుక్రవారం రాత్రి పదకొండైంది, మర్నాడు పొద్దున్నే రేంజికి వెళ్లాలి.

పన్నెండేళ్ల మా అబ్బాయిని వెంట తీసుకెళ్లాను. తూటాల డబ్బా బల్ల మీద ఎండలో పెట్టాను. మొదటి మూడు కాల్చి డొల్లలు తీసి చూశాను. ప్రైమర్లు గుండ్రంగా ఉన్నాయి. "చూశావా, గుర్తులేమీ లేవు" అని మావాడికి పాఠం కూడా చెప్పాను. నాలుగోది, అయిదోది. బోల్టు కొంచెం బరువనిపించింది. చెమట చెయ్యి కదా అనుకున్నాను. ఆరోది కాల్చాక బోల్టు లేవలేదు. బల్లకి ఆన్చి చెక్క సుత్తితో కొడితే గాని రాలేదు. డొల్ల అడుగున అద్దంలా మెరిసే ముద్ర. ప్రైమర్ ఊడి చేతిలో పడింది.

అప్పుడు మావాడు అడిగాడు. "నాన్నా, తర్వాత నా వంతే కదా?"

ఎవరికీ ఏమీ కాలేదు. రైఫిల్‌కి కూడా కాలేదు. ఆధునిక ఉక్కు, దానికి కొంత వెసులుబాటు ఉంటుంది. యూరప్ ప్రమాణాల్లో ప్రతి రైఫిల్‌నీ అమ్మకముందు గరిష్ఠానికి 25 శాతం ఎక్కువ పీడనంతో కాల్చి పరీక్షిస్తారు. ఆ వెసులుబాటు తయారుచేసినవాడు తెలియని తప్పుల కోసం దాచి ఉంచినది. దాన్ని నేను నా బద్ధకానికి ఖర్చుపెట్టాను. ఆ ఏడో తూటా మావాడి చెంప పక్కన పేలాల్సింది. ఈ వాక్యం నేను మా ఆవిడకి చెప్పడానికి రెండేళ్లు పట్టింది.

సాయంత్రం పెద్దాయన దగ్గరికి వెళ్లాను. తిడతాడనుకున్నాను. "ఏ కొలత చూసి ఎండలో అయిదోది కాల్చావు?" అని అడిగాడు. "ప్రైమర్ బాగానే ఉంది" అన్నాను. "అది కొలత కాదు, పుకారు" అన్నాడు.

తర్వాత నా పాత డొల్ల ఒకటి, కొత్త డొల్ల ఒకటి తీసి ఖాళీగా తూచాడు. రెండింటినీ అంచు వరకు నీళ్లతో నింపి మళ్లీ తూచాడు. కొత్తదాంట్లో రెండు గ్రెయిన్ల నీళ్లు తక్కువ పట్టాయి. సైనిక డొల్లల గోడలు మందం. బయటి కొలత ఒకటే కాబట్టి లోపల చోటు తక్కువ. చోటు తగ్గితే పీడనం ఎక్కువ నుంచి మొదలవుతుంది. దానికి తోడు ఎండలో వేడెక్కిన మందు ఇంకా వేగంగా కాలుతుంది. దానికి తోడు నా పాళ్లు ముందే గరిష్ఠానికి దగ్గర. మూడూ చిన్నవే. విడివిడిగా ఏదొచ్చినా తట్టుకునేది. మూడూ ఒకే రోజు కలిశాయి. ఆ పరీక్షకి పట్టింది పది నిమిషాలు, ఒక గ్లాసు నీళ్లు. శుక్రవారం రాత్రి నా దగ్గర ఆ రెండూ ఉన్నాయి.

మిగిలిన 44 తూటాలూ ఆ రాత్రే విప్పాం. దానికి సుత్తిలాంటి పనిముట్టు ఉంటుంది, తూటా లోపల బిగించి నేలకేసి కొడితే బుల్లెట్ జారి బయటికొస్తుంది. ఒక్కోదానికి నాలుగైదు దెబ్బలు. మాతోపాటు మావాడు కూడా కూర్చుని కొట్టాడు. తీసిన మందుని పెద్దాయన తన పచ్చిక మీద చల్లించాడు. దాంట్లో నత్రజని ఉంటుంది, గడ్డికి మంచిది. చివర్లో నాకో మాట చెప్పాడు. "పుస్తకంలో ఇచ్చిన వేగం కంటే నీ బుల్లెట్ వేగంగా పోతోందంటే సంతోషించకు. ఊరికే ఏదీ రాదు. ఎక్కడో పీడనం పెరిగింది, నీకు కనబడలేదు, అంతే."

ఆ రాత్రి ఇంటికి వెళ్తుంటే నాకు గుర్తొచ్చింది ఈ బడి. 24.8. జవాబు ముందే తెలుసు కాబట్టి ప్రయోగం చేయనక్కర్లేదు అనుకున్న పదిహేనేళ్ల కుర్రవాడే, నలభై దాటాక, పాళ్లు ముందే తెలుసు కాబట్టి మళ్లీ చూడనక్కర్లేదు అనుకున్నాడు. మనిషి పెరిగాడు, అలవాటు పెరగలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం గురించి ఒక్క సంగతి. 1905 మార్చిలో అమెరికాలో బ్రాక్‌టన్ అనే ఊళ్లో ఒక చెప్పుల ఫ్యాక్టరీలో బాయిలరు పేలి 58 మంది చనిపోయారు. ఆ తర్వాతే ఆ రాష్ట్రం బాయిలర్లకు చట్టం చేసింది. 1914లో మెకానికల్ ఇంజనీర్ల సంఘం మొదటి కోడు తెచ్చింది. నేను రోజూ వాడేది ఆ కోడు వంశమే. దాని ప్రకారం పాత్ర తయారయ్యాక నీళ్లతో నింపి, పనిచేసే హద్దుకి 1.3 రెట్ల పీడనం ఎక్కించి చూడాలి. నీళ్లే ఎందుకంటే, నీరు దాదాపు నొక్కుడుపడదు. పాత్ర పగిలినా గాలిలాగా పేలదు, కారిపోతుంది.

రైఫిల్ సంగతి జరిగిన రెండేళ్లకి అలాంటి పరీక్ష ఒకటి నా సంతకం కోసం వచ్చింది. బయట ట్రైలరు లారీ ఎదురుచూస్తోంది. పాత్రకి రెండు గేజీలు. ఒకటి ఎక్కువ చూపిస్తోంది, ఒకటి తక్కువ. ఎక్కువ చూపించేదానికి సరిచూసిన తేదీ దాటిపోయింది. "ఎక్కడా చుక్క కారలేదు సార్, సంతకం పెట్టండి" అన్నారు. చుక్క కారలేదు. ప్రైమర్ గుండ్రంగా ఉంది. నాకు రెండు మాటలూ ఒకేలా వినబడ్డాయి. ఆపేశాను. లారీ ఖాళీగా వెళ్లింది. నన్ను తిట్టనివాళ్లు లేరు. మర్నాడు సరిచూసిన గేజి తెచ్చి చూస్తే, ముందురోజు పాత్ర అసలు పరీక్ష పీడనానికి చేరనేలేదని తేలింది. మళ్లీ ఎక్కించాం. పాత్ర చక్కగా తట్టుకుంది.

కథల్లో అయితే ఇక్కడ పాత్ర పగలాలి, నేను హీరో కావాలి. అలా కాలేదు. పాత్ర మంచిదే. ముందురోజు సంతకం పెట్టినా బహుశా ఏమీ అయ్యేది కాదు. కానీ ఆ కాగితం 24.8 అయ్యేది. అబద్ధపు కాగితం మీద ఒక పాత్ర నిలబడొచ్చు. అలాంటి కాగితాలు వంద పోగయ్యాక ఏదో ఒకటి నిలబడదు, అది ఏదో ఎవరికీ తెలియదు.

పెద్దలారా, చివరిగా మన వయసు వాళ్లకి ఒక మాట. మన లోపల కూడా పీడనం ఉంది. దాన్ని బీపీ అంటాం. మా బ్యాచ్‌లో మొదటి బెంచీలో నా పక్కన కూర్చునేవాడు ఒకడు, ఈ సభకి రావలసినవాడు, మూడేళ్ల క్రితం పోయాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. అంతకు ఆరు నెలల ముందు ఫోనులో నేను అడిగాను, "బీపీ చూపించుకుంటున్నావా?" అని. "నాకేంట్రా, తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఏ గుర్తూ లేదు" అన్నాడు. ఇంత తెలిసినవాణ్ని, ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అని ఆ క్షణాన నాకు తట్టలేదు. తట్టి ఉంటే గట్టిగా చెప్పేవాణ్ని. గుర్తులు లేకపోవడం కొలత కాదురా అని.

సంఘం వాళ్లు బయట వరండాలో బీపీ చూసే బల్ల పెట్టారు. మన పూర్వ విద్యార్థిని డాక్టరమ్మే కూర్చున్నారు. రెండు నిమిషాల పని. భోజనాలకు ముందే వెళ్లండి. క్యూలో మొదటివాణ్ని నేనే.

దానికంటే ముందు ఇంకో బాకీ ఉంది. నేను మొన్ననే ఊరికి వచ్చాను. నిన్న పొద్దున ఇప్పటి సైన్సు టీచరు గారిని బతిమాలి ల్యాబు తాళం తీయించాను. దారం కొత్తది, గుండు మాత్రం పాతదే అనుకుంటాను. అయిదు పొడవులు, ఇరవయ్యేసి డోలనాలు, సెల్‌ఫోను స్టాప్ వాచీ. వచ్చిన అంకెలు 24.3, 25.1, 24.6, 25.2, 24.7. ఒక్కటీ 24.8 కాదు. గ్రాఫు కూడా గీశాను, చుక్కలు గీతకి అటూ ఇటూ పడ్డాయి.

మాస్టారూ, ముందు వరుసలోనే ఉన్నారు కదా. రికార్డు తేవడం నలభై ఏళ్లు ఆలస్యమైంది. ఈ కాగితం తీసుకుని కిందికి వస్తున్నాను. సంతకం పెట్టండి.